వార్డులో విన్న ప్రార్థన

మాది గండికోట. జామా మసీదు, మాధవరాయస్వామి ఆలయం ఒకే కోటగోడ లోపల నిలిచి ఉన్న ఊరిలో పెరిగినవాణ్ని గనుక, పరమత గౌరవం నాకెవరూ నేర్పనక్కరలేదని ఒక గర్వం ఉండేది. అది ఎంత పలుచనిదో జమ్మలమడుగులోని మిషన్ ఆసుపత్రిలో తెలిసింది.

1822లో కడపకు వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వారి సేవా పరంపరలో వెలసిన వైద్యశాల అది. కొన్నేళ్ల క్రితం మా అమ్మను శస్త్రచికిత్స నిమిత్తం అక్కడ చేర్చాము. ఒక రాత్రి నర్సమ్మ వచ్చి, "అమ్మా, ప్రార్థన చేయనా?" అని అడిగింది. అమ్మ తల ఊపింది. నేను మాత్రం, మతప్రచారం ఎక్కడ మొదలవుతుందో అని ద్వారం వద్ద చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఆమె మొదట ఏమీ అడగలేదు. వెలుగునిచ్చినందుకు, ఊపిరినిచ్చినందుకు, చేతులకు పని కల్పించినందుకు దేవుణ్ని స్తుతించింది. మన ఫాతిహా కూడా స్తుతితో ఆరంభమై, పిమ్మటనే అభ్యర్థనకు వస్తుంది కదా! ఇక తెలుగు పాఠం చెప్పేవాణ్ని. పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలైన వారి కీర్తనలు పాడి పాడి సాధుపడిన భాష అని వినగానే తోచింది. తరువాత ఆమె గొంతు తగ్గించి, "పొద్దున ఆయమ్మను నలుగురిలో కసిరాను తండ్రీ, మన్నించు" అంది. అటు పిమ్మటనే అమ్మకు నిద్ర పట్టాలని, పక్క మంచం ముసలమ్మను చూడడానికి ఇంటి నుండి ఎవరైనా రావాలని కోరింది. ఆమె "ఆమేన్" అంటే, అమ్మ "ఆమీన్" అంది.

నర్సమ్మ లేచి నేరుగా వరండాలోని ఆయమ్మ దగ్గరికి వెళ్లింది. ఏమన్నదో వినబడలేదు. కాసేపటికి ఇద్దరూ చెరొక పక్క పట్టి నీళ్ల బకెట్టు తీసుకురావడం చూశాను.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తండ్రిగారి చేను పంపకం విషయమై ప్రొద్దుటూరులోని మా అన్నతో రెండేళ్లుగా నాకు మాటలు లేవు. అమ్మ ఆసుపత్రిలో ఉన్నదని కూడా కబురు పంపలేదు. ఐదు పూటల నమాజు మాత్రం తప్పలేదు!

తరువాతి కాలంలో సువార్తలు చదివాను. కానుకతో బలిపీఠం ముందు నిలిచినపుడు సోదరునికి నీపై కోపమున్నదని గుర్తొస్తే, కానుకను అక్కడే విడిచి ముందు అతనితో సమాధానపడమని మత్తయి ఐదవ అధ్యాయంలో ఈసా ప్రవక్త బోధ. లూకాలో, తన ఉపవాసాలను దేవుని ముందు ఏకరువు పెట్టిన పరిసయ్యుని చూసి నవ్వబోయి, నవ్వలేకపోయాను. మన ఖుర్‌ఆన్‌లో ఏడు వాక్యాల మావూన్ సూరా సైతం, నమాజు చేస్తూనే పొరుగువారికి చిన్నపాటి వాడుక వస్తువు ఇవ్వనివారిని నిందిస్తుంది. చిన్ననాడే కంఠస్థం చేసిన సూరా అది.

కానీ ఇదంతా తరువాతి చదువు. ఆనాడు తెల్లవారుతూనే ప్రొద్దుటూరు బస్సెక్కాను. అన్న తలుపు తీశాడు. నేను సలాం చెప్పేలోపే, "ఏమిరా, అమ్మకేమన్నా అయిందా?" అన్నాడు. నన్ను కూర్చోమనలేదు. చొక్కా తొడుక్కుని, నాకంటె ముందుగా బస్టాండు వైపు నడిచాడు.