అన్నప్రాశన గిన్నె

మొన్న నొక సాయంకాలము మా ప్రక్కవాటాలో నుండువారి పెద్దమ్మాయి చేతిలో నొక నోటుపుస్తకము పట్టుకొని మా వంటయింటిలోనికి వచ్చినది. పుస్తకము నడుమ ఆసుపత్రి కాగిత మొకటి మడచి పెట్టియున్నది. తన తల్లికి చెప్పరాదని ముందుగా నా వలన మాట తీసికొని, "అక్కా, మీరు కడుపు చిన్నది చేయించుకొన్నారట గదా! నన్ను చేయించుకొమ్మందురా, వద్దందురా?" అని యడిగినది. ఆమె వయస్సు ఇరువదియేడు. పొయ్యిమీద పాలు పొంగవచ్చుచుండెను. నేను పాలు దింపి, కాగితము చదివి, వెంటనే బదులు చెప్పలేకపోయితిని. రెండు మాటలతో తీరునది కాదది. అదియు గాక, ఈ విషయములో నే నొకప్పు డొక యబద్ధ మాడి యున్నాను. దానితో సహా సోదరీమణులకు చెప్పవలెనని యిది వ్రాయుచున్నాను.

2021 లో నా బరువు 98 కిలోలు, పొడవు 155 సెంటీమీటర్లు. కిలోలలోని బరువును, మీటర్లలోని పొడవు యొక్క వర్గముచే భాగించగా వచ్చు అంకెను వైద్యులు బి.ఎం.ఐ. అందురు. నాకది 40.8. రెండవ కాన్పులో వచ్చిన మధుమేహము కాన్పుతో పోక నాతోనే నిలిచిపోయినది. అయినను నేను వైద్యునికడకు పోయినది మధుమేహమునకు భయపడి కాదు.

మా వారు బడిపంతులు. రాత్రి పొద్దుపోవువరకు పిల్లల పరీక్షాపత్రములు దిద్దుచుందురు. ఒకనాటి యుదయమున నే నాయన బల్ల తుడుచుచుండగా, ఒక తెల్లకాగితముమీద వరుసగా అంకెలు కనబడినవి: 18, 25, 31, 22. ఏ పిల్లవాని మార్కులో యనుకొంటిని. అడుగగా నాయన చాలసేపు మాటాడలేదు. తుదకు, అవి నిద్రలో నా ఊపిరి ఆగిన సెకండ్ల లెక్క యని చెప్పిరి. ఎన్నో రాత్రులుగా ఆయన తాము నిద్రమాని నా ఊపిరికి కావలి కాయుచున్నారన్న మాట! తరువాత నిద్రపరీక్ష చేయించిరి. గంటకు 30 మారులు మించి ఊపిరికి ఆటంకము కలిగినచో తీవ్ర మందురు. నాకు 44 వచ్చినది. మా చిన్నవాని కప్పటికి నాలుగేండ్లు.

ఇంత బరువెట్లు వచ్చినదని యడుగువారు పెక్కురు. నేనొక్కటి చెప్పగలను. మా యింట మిగిలిన యన్నమునకు నా కడుపే తొట్టి. పిల్లలు విడిచిన ముద్ద, అడుగంటిన కూర, పొద్దుటి యుప్మా, పారవేయుటకు చేయి రానిదంతయు మధ్యాహ్నము మూడు గంటలకు వంటయింటి గట్టుకడ నిలువబడి తినుచుంటిని. అన్నము పరబ్రహ్మ మని నేర్చినవారము గదా! దాని నెవరును తిండి యనుకొనలేదు, నేనును అనుకొనలేదు. బంతిలో కూర్చుండి తినునదియే లెక్క.

నేను బడిలో చదివినది తక్కువ. మా తాతగారు ఇంటనే భారత భాగవతములును, కొంత సంస్కృతమును చెప్పిరి. భీమసేనునికి వృకోదరుడని పేరు. ఏకచక్రపురమున బకునికై పంపిన బండెడన్నమును తానే తిన్నందుకు ఆయనకు కీర్తియే వచ్చినది. ఆడుదానికి ఆ మర్యాద లేదు. చరకసంహిత సూత్రస్థానములో 21వ అధ్యాయమునందు నిందితులైన యెనమండ్రను లెక్కించుచు, అతిస్థూలుని వారిలో చేర్చినారు. స్థౌల్యమునకు కారణములు చెప్పునపుడు తిండితోపాటు బీజస్వభావమును గూడ చెప్పినారు. చింత లేకపోవుటయు నొక కారణమట. ఆ మాట చదివి నాకు నవ్వు వచ్చినది. కాని మరియొక మాటవద్ద నిలిచిపోయితిని. మేదస్సు దారుల నడ్డగింపగా వాయువు కోష్ఠములోనే తిరుగుచు అగ్నిని రగుల్చుననియు, అందుచే స్థూలునికి ఆకలి హెచ్చుననియు నందున్నది. అనగా ఆకలియు రోగములో భాగమే! నాటి వాయువును నేటి శాస్త్రము ఒప్పుకొనదు గాని, మా వైద్యురాలు చెప్పినదియు తుద కీ తీరుగనే యున్నది. బరువు తగ్గినకొలది శరీరము ఆకలి పుట్టించు రసములను హెచ్చించి, ఖర్చును తగ్గించి, పోయిన దానిని మరల కూడబెట్టుకొన జూచునట. పరేడు మైదానము చుట్టు ఎనిమిది నెలలు నడచి, రాత్రి యన్నము మాని, నేను 11 కిలోలు తగ్గితిని. ఏడాది తిరుగకముందే 13 వచ్చినవి. అంతవరకు దానిని నా పట్టుదలలేమి యనుకొని సిగ్గుపడుచుంటిని.

శస్త్రచికిత్స మాట యెత్తగానే ఇల్లు రెండు పక్షము లైనది. "దేవుడిచ్చిన కడుపును కోయించుకొందువా అమ్మాయీ? నోరు కట్టుకొన్నచో చాలదా?" అని అత్తగారనిరి. సినిమాతార ఆర్తీ అగర్వాల్ సంగతి యామె చెవిని బడియున్నది. ఆమె 2015 జూన్ 6వ తేదీని అమెరికాలో 31 యేండ్ల వయస్సున మరణించినది. కొలది వారముల ముందు లైపోసక్షన్ చేయించుకొన్నదని పత్రికలు వ్రాసినవి. ఆ మరణమునకు కారణము నిర్ణయించుట మన పని కాదు. కాని చాలమంది రెంటిని ఒకటిగా తలచెదరు గనుక చెప్పవలెను. లైపోసక్షన్ అనునది చర్మము క్రింది క్రొవ్వును పీల్చివేయు పని. స్థూలరోగమునకు చికిత్స కాదు. నాకు చేసిన స్లీవ్ అను దానిలో జీర్ణాశయమును నిలువున కోసి, నూటికి 75 నుండి 80 పాళ్లు తీసివేసి, అరటికాయవంటి గొట్టమును మాత్రము మిగుల్తురు. ఆకలి పుట్టించు ఘ్రెలిన్ అను రసము హెచ్చుగా ఊరునది ఆ తీసివేసిన భాగముననే. బైపాస్ అను మరియొక విధమును 1966 లో అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు మొదలిడెను. అందు ప్రేవునకు దారి మార్తురు. స్లీవులో తీసినది మరల పెట్టుటకు వీలు లేదు. కుట్లనుండి కారుట నూటికి ఒకరికి దరిదాపుగా జరుగునని కూడ వైద్యురాలు దాచక చెప్పినది. నన్ను భయపెట్టినది ఆ లెక్క కాదు, మరల పెట్టుటకు వీలు లేదన్న మాట. పదునైదు దినములు దానినే తలపోసితిని. మా వారు ఒక్కటే యనిరి: "నీ యిష్టము. నేను మాత్రము ఆ లెక్క వ్రాయుట మానలేను."

బీమావారు కొంత భరించిరి. తక్కిన దానికి మా అమ్మ పెట్టిన నాలుగు గాజు లిచ్చితిని.

2022 ఫిబ్రవరిలో, శస్త్రచికిత్సకు ముందురాత్రి, మత్తుమందునకు జంకుచున్న నాకు మా వారు పాఠము చెప్పిరి (పాఠము చెప్పుటకు ఆయనకు వేళ లేదు). క్లోరోఫారము గుండెకు చేయు కీడును గూర్చి ప్రపంచమంతయు వాదులాడుచుండగా, 1888, 1889 లలో రెండు సంఘములు కూర్చుండి పరీక్షలు జరిపినది మన హైదరాబాదుననే యట. ఆ కాలముననే ఇక్కడి వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ అను పార్సీ వనిత రోగులకు క్లోరోఫారము నిచ్చుచు, ప్రపంచమున తొలి మత్తువైద్యురాలుగా పేరొందినదట. ఆడువారి చేతిమీద మొదలైన విద్యకు నీకు భయమేల యనిరి. ఆ సంఘములవారు క్లోరోఫారము గుండెకు కీడు చేయదని తేల్చినది తప్పని తరువాత రుజువైనదను ముక్కను మాత్రము నేను ఇల్లు చేరినపిదప చెప్పిరి!

మెలకువ వచ్చునప్పటికి పొట్టమీద అయిదు చిన్న గంట్లు. మరునాడు మందు కొలుచు చిన్న మూతతో 30 మిల్లీలీటర్ల నీరిచ్చి, అరగంటసేపు చప్పరింపుమనిరి. రెండు వారములు ద్రవములు, పిదప మెత్తగా నలిపినవి. భోజనముతో నీరు త్రాగరాదు. అరగంట యెడము కావలెను. దినమునకు 60 గ్రాములకు తగ్గకుండ మాంసకృత్తులు తినవలెననిరి. శాకాహారులకు అది సులభము కాదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017 లో ప్రకటించిన ఆహారపట్టికలు చూచి లెక్కకట్టితిని. నూరు గ్రాముల పచ్చి పెసరపప్పులో 24 గ్రాముల దరిదాపున్నవి. నూరు గ్రాముల పప్పు వండినచో నా క్రొత్త కడుపునకు రెండు దినముల గ్రాసము! అందుచే మన భోజనక్రమము తలక్రిందైనది. ముందు పప్పు, పనీరు, పెరుగు, పిదప కూర, చోటు మిగిలినచో అన్నము. బీ12, ఇనుము, కాల్షియము, డీ విటమిను బ్రతికినంతకాలము తప్పవు. ఏటేట రక్తపరీక్షయు తప్పదు. మూడవ నెలలో తలవెంట్రుకలు కుచ్చులుగా రాలినవి. ఏడ్చితిని. ఎనిమిదవ నెలకు మరల వచ్చినవి గాని, మునుపటి జడ రాలేదు.

ఆ యేటి శుభకృతు నామ సంవత్సర ఉగాది ఏప్రిల్ 2వ తేదీని వచ్చినది. నాకు ఏడు వారములైనను నిండలేదు. అత్తగారు బొబ్బట్లు చేసి, నేతిలో ముంచి, "ఒక్కటి, పండుగపూట" అని నా విస్తరిలో వేసిరి. కాదనిన నొచ్చుకొందురని తింటిని. నిజము చెప్పవలెనన్న, ఆమెకొరకే కాదు. నాలుక కొరకును తింటిని. మూడవ ముద్దకు రొమ్ము నడుమ రాయి పడినట్లయినది. గుండె దడదడలాడి, ఒడలంత చెమటపట్టి, పెరటిలో కూలబడి అంతయు కక్కుకొంటిని. అత్తగారు నా వీపు నిమురుచు ఒక్క మాటైన ననలేదు. ఆమెకు ప్రేమ చూపుటకు తెలిసిన దారి వడ్డించుట యొక్కటే. ఆ దారి నేను మూసివేసితిని. ఈ చికిత్సను గూర్చి చెప్పు వైద్యులెవ్వరును ఈ బాధను చెప్పరు.

మరునాడు మధ్యాహ్నము ఆమె పెట్టె తెరచి, చింతపండుతో తోమిన చిన్న వెండిగిన్నె యొకటి తెచ్చి నా ముందు పెట్టిరి. అది మా వారి అన్నప్రాశన గిన్నె. "ఇది నిండుగా తిను. మరల అడుగను" అనిరి. నాటినుండి నేను అందులోనే తినుచున్నాను. మిగిలిన యన్నమునకు దారి యేదని యడుగుదురేమో. ఇప్పుడు అత్తగారే గిద్దెడు బియ్యము తగ్గించి పోయుచున్నారు. ఇన్నేండ్లు ఆ గిద్దెడు నాకొరకే ఉడికినది కాబోలు.

మూడవ నెలకు మధుమేహపు మాత్రలు మానివేయించిరి. మూడు నెలల సగటు చక్కెర 8.9 నుండి 5.8 కి దిగినది. రోగము అణగినదే గాని పోలేదనియు, మరల తలయెత్తవచ్చుననియు వైద్యురాలు హెచ్చరించినది. ఏడాదిన్నరకు 67 కిలోలకు దిగి, ఇప్పుడు 71 వద్ద ఉన్నాను. చర్మము వ్రేలాడుచున్నది. మా వారి లెక్కకాగితము మాత్రము మరల కనబడలేదు.

ఇక నా యబద్ధము. బంధువు లడిగినపుడు సిగ్గుపడి, రాగిజావయు నడకయు నని చెప్పితిని. కోయించుకొన్నదన్నచో, కష్టపడక అడ్డదారి పట్టినదందురను వెరపు. మా పినతల్లి కూతురు నామాట నమ్మినది. నాకంటె లావు, ముగ్గురు పిల్లల తల్లి. రెండు నెలలు రెండుపూటల రాగిజావ మాత్రమే త్రాగుచు నడచినది. తగ్గినది మూడు కిలోలు. ఒకనాడు మెట్లమీద కన్నులు తిరిగి పడిపోయి, చేయి విరుగగొట్టుకొన్నది. చూడబోయిన నా చేయి పట్టుకొని, "నీకున్న పట్టుదల నాకు లేదక్కా" అని యేడ్చినది. అప్పుడే, ఆ మంచముప్రక్కనే, నిజము చెప్పితిని. ఆమె చాలసేపు గోడవైపు తిరిగి పరుండినది. ఇప్పుడు మాటాడుచున్నది గాని, మునుపటివలె కాదు.

కావున ప్రక్కింటి పిల్లకు అన్నియు చెప్పితిని. వెంట్రుకలు, బొబ్బట్టు, గాజులు, అన్నియు. ఆమె బి.ఎం.ఐ. 33. మధుమేహము లేదు, రక్తపుపోటు లేదు. 1991 లో అమెరికా వైద్యులు కూర్చిన నియమము ప్రకారము 40, లేదా రోగములున్నచో 35 ఉండవలెను; ఆ లెక్కకు ఈమె రాదు. కాని 2022 లో రెండు శస్త్రవైద్యసంఘములు నియమములను సడలించి, ఆసియావారికి 27.5 దాటినను చేయవచ్చునన్నవి. కాబట్టి తలుపు తెరచియే యున్నది. సూదిమందుల మాటయు నడిగినది. 2025 మార్చిలో మౌంజారో, జూనులో వెగోవీ మన దేశమునకు వచ్చినవి. అవి ఆకలిని తగ్గించును. మానినచో బరువు చాలవరకు తిరిగి వచ్చుట పరిశోధనలలో కనబడినది. ఆ సంగతియు వైద్యురాలిని అడుగుమంటిని.

పిదప, "ఎవరికొరకు?" అని యడిగితిని. ఆమె తల వంచుకొన్నది. సంక్రాంతినాటి పెండ్లిచూపులలో వరునితల్లి, పిల్ల లావని మొగముమీదనే యన్నదట. రానున్న శ్రావణములోగా తగ్గవలెనట. చికిత్స పిదప ఏడాది మొదలు ఏడాదిన్నరవరకు గర్భము కూడదను మాట ఆ కాగితములో నున్నను ఆమె చదువలేదు. నేను చదివి వినిపించితిని. "ఆ పెండ్లివారు లేనేలేరనుకొనుము. అప్పుడును చేయించుకొందువా?" అంటిని. తెలియదన్నది. వద్దని నేను చెప్పలేదు. చేయించుకొమ్మనియు చెప్పలేదు. తల్లికి తెలియకుండ మాత్రము వలదంటిని, పదిదినములు ప్రక్కన కూర్చుండి చెంచాతో నీరు పోయవలసినది ఆమెయే గనుక.

నాలుగవనాటి మధ్యాహ్నము ఆ తల్లి వచ్చినది. అదే కాగితము చేతిలో నున్నది. కన్నులు వాచియున్నవి. కూర్చుండుమన్నను కూర్చుండక, "వదినా, నీ వసలు పూటకెంత తినెదవు?" అని యడిగినది. నేను వెండిగిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టితిని.