ఎనిమిదో నంబరు వైపు అమ్మ

మా అమ్మ ఇప్పటికీ విశాఖపట్నం స్టేషన్‌ని వాల్తేరు అనే అంటుంది. "బండి వాల్తేరు ఎన్నింటికెల్తాదే?" అని ఫోన్లో అడుగుతుంది. మా పిల్లలు నవ్వుతారు. వాళ్ళకి తెలియదు కానీ, 1987 వరకు ఆ స్టేషన్ పేరు వాల్తేరే. ఇప్పుడు మనమంతా గోదావరి అని పిలుచుకునే బండి కూడా 1974లో మొదలైనప్పుడు వాల్తేరు - హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్సే. పేరు మారినా అమ్మ నోట్లో మారలేదు.

ఆ స్టేషన్‌తో నాది పాతికేళ్ళు దాటిన పరిచయం. మొదటి పరిచయం మాత్రం ఏడుపుతో మొదలైంది.

మా పుట్టిల్లు శ్రీకాకుళం. అత్తవారిది రాజమండ్రి. పెళ్ళయ్యాక మొదటిసారి కాపురానికి వెళ్ళడానికి ఆముదాలవలసలో, అదే శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, రాత్రి బండి ఎక్కాం. అమ్మావాళ్ళు ప్లాట్‌ఫారం మీద చెయ్యూపుతుంటే కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. విశాఖలో బండి చాలాసేపు ఆగింది. నాకు కాస్త కునుకు పట్టింది. మెలకువ వచ్చి చూస్తే బండి వెనక్కి నడుస్తోంది! ఇందాక వచ్చేటప్పుడు చూసిన మర్రిపాలెం బోర్డు మళ్ళీ కిటికీలోంచి వెళ్ళింది. ఒక్క క్షణం నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. బండి మా ఊరికి తిరిగి వెళ్ళిపోతోందనుకున్నాను. ఏదో అయ్యింది, మమ్మల్ని వెనక్కి తీసుకెళ్ళిపోతున్నారు, తెల్లారేసరికి అమ్మ దగ్గరుంటాను అనుకున్నాను.

మావారిని లేపి అడిగితే ఆయన నవ్వి, "విశాఖలో అన్ని బండ్లూ ఇంతే. ఇంజను ఇటు తీసి అటు తగిలిస్తారు" అన్నారు. అంతే. ఆ పొంగు చప్పున చల్లారిపోయింది. మళ్ళీ ఏడుపు మొదలు.

విశాఖ తెలియని వాళ్ళకి ఒక మాట చెప్పాలి. చెన్నై నుంచి హౌరా వెళ్ళే పెద్ద లైను మీద ఈ స్టేషన్ తిన్నగా లేదు. లైను నుంచి కొంచెం లోపలికి, ఊళ్ళోకి వచ్చి ఉంటుంది. రాజమండ్రి వైపు నుంచి వచ్చే బండైనా, విజయనగరం వైపు నుంచి వచ్చే బండైనా ఒకే చివర నుంచి లోపలికి వస్తుంది, ముందుకు పోవాలంటే వచ్చిన దారినే బయటికి వెళ్తుంది. అందుకే ఇంజను మార్చడం. వచ్చేటప్పుడు మొదటి పెట్టె వెళ్ళేటప్పుడు చివరి పెట్టె అవుతుంది. ఎదురుగా చూస్తూ కూర్చున్నవాళ్ళు ఆ తర్వాత వీపు ముందుకు పెట్టి ప్రయాణం చేస్తారు. ఈ తిరుగుడంతా ఎందుకని కొన్ని బండ్లు అసలు ఊళ్ళోకే రావు. దువ్వాడ దగ్గరే అడ్డదారిలో విజయనగరం వైపు తిరిగిపోతాయి. ఆ బండ్లలో వచ్చేవాళ్ళు దువ్వాడలోనే దిగాలి. అక్కణ్ణుంచి విశాఖ స్టేషన్‌కి పదిహేను కిలోమీటర్ల పైనే.

స్టేషన్‌కి ఎనిమిది ప్లాట్‌ఫారాలు. ఒకటో నంబరు వైపు పెద్ద గేటు, టికెట్ కౌంటర్లు, ఆటోలు, కార్లు, హడావుడి అంతా. ఎనిమిదో నంబరు వైపు జ్ఞానాపురం గేటు. మేము విశాఖకి మారి సీతమ్మధారలో కాపురం పెట్టి పన్నెండేళ్ళు అయింది. ఇన్నేళ్ళలో నేను జ్ఞానాపురం గేటులోంచి ఒక్కసారి కూడా బయటికి వెళ్ళలేదు. నాకు సంబంధించి స్టేషన్ అంటే ఒకటో నంబరే. అటువైపుది పెరటి గుమ్మం లాంటిది అనుకునేదాన్ని.

ఇక అసలు సంగతికి వస్తాను.

నాన్నగారు పోయి రెండేళ్ళు. ఆయనున్నంతకాలం అమ్మ ఒక్కతే బండెక్కి ఎరగదు. టికెట్ కూడా ఆయన చొక్కా జేబులోనే ఉండేది. ఆయన పోయాక హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు, "ఇల్లు తాళం వేసి నా దగ్గరికి వచ్చెయ్యమ్మా" అని ఒకటే పోరు. వాడి బాధ వాడిది. డెబ్బై రెండేళ్ళ మనిషి ఒంటరిగా ఉంటే ఏ కొడుక్కి నిద్ర పడుతుంది? అమ్మ మాత్రం కదలనంది. "నా గుమ్మం, నా ములగ చెట్టు, నా పక్కింటోళ్ళు. అక్కడికొచ్చి తొమ్మిదో అంతస్తులో నానేటి సెయ్యాలి?" అంది.

పోయిన వేసవిలో అమ్మే అంది, నేనే బండెక్కి మీ ఇంటికి వస్తానని. రెండు గంటల ప్రయాణం. తమ్ముడు గట్టిగా వద్దన్నాడు. నేను బతిమాలితే, "సరే అక్కా, ఈ ఒక్కసారి. ఏదైనా తేడా వచ్చిందో, వచ్చే నెలే నేనొచ్చి తీసుకొచ్చేస్తాను. ఇక నువ్వు అడ్డు చెప్పకూడదు" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. అమ్మకి ఈ ఒప్పందం సంగతి చెప్పలేదు.

ఆ రోజు అరగంట ముందే స్టేషన్‌కి వెళ్ళాను. ప్లాట్‌ఫారం టికెట్ తీసుకుని ఒకటో నంబరు మీద బెంచీ చూసుకుని కూర్చున్నాను. అమ్మతో ముందే చెప్పి ఉంచాను, ఒకటో నంబరు దగ్గర ఉంటాను అని. బండి అక్కడికే వస్తుందని ఎందుకో గట్టి నమ్మకం. బోర్డు వైపు తలెత్తి చూడలేదు. పక్కన అరకు నుంచి తిరిగొచ్చిన ఒక కుటుంబం కూర్చుని ఉంది. వాళ్ళ చిన్నపిల్ల దారిలో సొరంగాలు లెక్కపెట్టిందట, ముప్పై దాటాక నిద్రపోయిందట. ఆ లైన్లో మొత్తం యాభై ఎనిమిది ఉన్నాయమ్మా అని నేను చెబుతున్నాను. వాళ్ళతో కబుర్లలో పడి ఉండగా మైకులో అమ్మ బండి పేరు వినిపించింది. వచ్చేసిందట. ఎనిమిదో నంబరు మీదికి.

ఒకటి నుంచి ఎనిమిదికి వెళ్ళాలంటే వంతెన ఎక్కి అన్ని పట్టాలూ దాటాలి. ఎదురుగా జనం సూట్‌కేసులతో వస్తున్నారు. వాళ్ళని తోసుకుంటూ, రొప్పుకుంటూ దిగేసరికి అమ్మ పెట్టె సగం ఖాళీ. కొత్తవాళ్ళు ఎక్కి సామాన్లు సర్దుకుంటున్నారు. పెట్టెలోకి ఎక్కి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాను. అమ్మ సీట్లో ఒక కుర్రాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దావిడ ఉండాలి బాబూ అంటే, నేను ఇప్పుడే ఎక్కానండీ అన్నాడు. అమ్మకి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

మళ్ళీ వంతెన ఎక్కాను. నా కోసం ఒకటో నంబరుకి వెళ్ళి ఉంటుంది కదా! అక్కడ లేదు. వెయిటింగ్ హాల్లో లేదు. ఈసారి రెండో వంతెన మీద నుంచి వెనక్కి వస్తుంటే కింద ఆ బండి కదిలింది. వచ్చిన వైపే, వెనక్కి. అప్పుడు నా కాళ్ళు ఆడలేదు. అమ్మ బాత్రూంలో ఉండిపోయిందేమో? నిద్రపోయి లేచి, బండి వెనక్కి నడుస్తుంటే మన ఊరికే వెళ్తోందనుకుని కూర్చుండిపోయిందేమో, నేను ఒకప్పుడు అనుకున్నట్టు? ఇక ఆగేది దువ్వాడలోనే. మావారి ఆఫీసు గాజువాకలో. ఆయనకి ఫోన్ చేసి ఏడ్చేశాను. "నేను దువ్వాడ వెళ్తాను, నువ్వక్కడే ఉండు" అని బయల్దేరారు.

ఇంతలో తమ్ముడి ఫోన్. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. ఆ ఫోన్ చేతిలో మోగుతున్నంతసేపూ నాకు కనిపించింది స్టేషన్ కాదు. తాళం వేసిన మా ఇల్లు, నీళ్ళు పోసేవాళ్ళు లేని ములగ చెట్టు. ఇదంతా నా వల్లే. తలెత్తి ఒక్కసారి బోర్డు చూసి ఉంటే సరిపోయేది.

నలభై నిమిషాల తర్వాత ఎవరిదో తెలియని నంబరు. "అమ్మా, మీ అమ్మగారు ఇక్కడ నా టీ కొట్టు దగ్గర కూర్చున్నారు. జ్ఞానాపురం గేటు బయట."

మూడోసారి వంతెన దాటి వెళ్ళాను. జీవితంలో మొదటిసారి ఆ గేటులోంచి బయటికి అడుగుపెట్టాను. అమ్మ బల్ల మీద తీరిగ్గా కూర్చుని టీ తాగుతోంది. పక్కన సంచీ. సంచీలో పలాస జీడిపప్పు, ములక్కాడలు, అరటాకులో చుట్టిన ఏదో. ఆ టీ కొట్టావిడతో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుతోంది.

"ఏటే, అలగ రొప్పుతన్నావు? కూకో" అంది.

నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఒకటో నంబరు దగ్గర ఉంటానని చెప్పాను కదా, ఇటెందుకు వచ్చావు అని అరిచాను. అమ్మ తొణకలేదు.

"అటేపు రావాలంటే ఆ వంతెనెక్కాల. నా మోకాళ్ళు నీకు తెలవవా? కదిలే మెట్లంటే నాకు భయం. కూలీ అబ్బాయిని అడిగినాను, మెట్లు లేకుండా బయటికెల్లే దారేటి బాబూ అని. ఇదిగో ఈ గేటు సూపించినాడు. పది అడుగులు, అంతే. పోను చార్జింగు అయిపోనాది. పుస్తకంలో నీ నంబరు రాసుకున్నాను. వచ్చి కూకున్నాను, ఈవిడ పోనుకి కూడా చార్జింగు లేదంది. కొంచెం ఎక్కేదాకా ఆగినాం. ఎక్కగానే నీకు చేసినాం. ఇందులో తప్పేటి?"

తప్పేం లేదు. ఆలోచించినకొద్దీ తప్పేం కనిపించలేదు. దిగింది ఎనిమిదో నంబరులో, గేటున్నది ఎనిమిదో నంబరు పక్కన. నొప్పి కాళ్ళతో సామాను మోసుకుని వంతెన ఎక్కడం కన్నా అదే తెలివైన పని. అడగాల్సిన మనిషిని అడిగింది, నంబరు కాగితం మీద ఉంచుకుంది, నీడ చూసి కూర్చుంది. గాభరా పడి ఆ చివర నుంచి ఈ చివరకి పరిగెత్తింది నేను. పన్నెండేళ్ళ నుంచి ఈ ఊళ్ళో ఉంటూ ఈ స్టేషన్‌కి ఇంకో గుమ్మం ఉందన్న సంగతే పట్టించుకోనిది నేను.

మావారికి ఫోన్ చేసి వెనక్కి రమ్మన్నాను. ఆటోలో అమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది, "తమ్ముడికి చెప్పకే." ఒప్పందం సంగతి ఆవిడకి తెలుసన్నమాట. వాడే చెప్పేశాడట. ఎవరికీ తెలియదనుకుని మేమిద్దరం అమ్మ చుట్టూ గీసిన గీత మీదే అమ్మ ఆ రోజు నడిచి వచ్చింది.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. దాచితే ఎప్పటికైనా బయటపడుతుంది, అప్పుడు ఇంకా కష్టం. వాడు కాసేపు మాట్లాడలేదు. "చూశావా అక్కా, నేను చెప్పలేదూ" అన్నాడు చివరికి. "ఒరే, అమ్మ తప్పిపోలేదురా. నేను తప్పిపోయాను. ఒప్పందం ప్రకారం తీసుకెళ్తే నన్ను తీసుకెళ్ళు" అన్నాను. వాడికి నవ్వొచ్చింది. వారం తర్వాత అమ్మకి కొత్త ఫోనూ, ఛార్జింగ్ పెట్టే పవర్ బ్యాంకూ పంపాడు. ఇల్లు తాళం మాట మళ్ళీ ఎత్తలేదు. పూర్తిగా మానేశాడని కాదు, ప్రస్తుతానికి ఎత్తలేదు.

అప్పటి నుంచి అమ్మ మూడుసార్లు వచ్చింది, ఒక్కతే. నేను కూడా కొన్ని నేర్చుకున్నాను. పెద్దవాళ్ళు విశాఖలో దిగుతుంటే మీకూ పనికొస్తాయి. ముందురోజు చూసిన ప్లాట్‌ఫారం నంబరు నమ్మొద్దు. స్టేషన్లో అడుగుపెట్టగానే బోర్డు చూడండి, మైకు వినండి. ఏడూ ఎనిమిదీ లాంటి నంబర్లయితే బండి పెట్టే చోటు జ్ఞానాపురం వైపే చూసుకోండి. టికెట్ తీసేటప్పుడు ఆ బండి విశాఖ ఊళ్ళోకి వస్తుందో, దువ్వాడ మీదుగా వెళ్ళిపోతుందో చూడండి. మీ నంబరు ఫోన్లోనే కాదు, కాగితం మీద కూడా రాసివ్వండి. బండి వెనక్కి నడిస్తే కంగారు పడొద్దని కొత్తవాళ్ళకి ముందే చెప్పండి.

పోయిన నెల అమ్మని తిరిగి బండెక్కించాను. జ్ఞానాపురం గేటు నుంచే వెళ్ళాం. టీ కొట్టావిడ అమ్మని చూసి, "మోకాళ్ళెలా ఉన్నాయమ్మా?" అని పలకరించింది. నన్నెవరూ పలకరించలేదు. బండి కదిలింది. అమ్మ కిటికీలోంచి చెయ్యూపింది. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.