నిత్య నవీకరణము

మా తండ్రిగారు తిరుమలగిరిలో కట్టించిన గూనపెంకుల యింటిలో మేము పెరిగితిమి. ఏటేట తొలకరికి ముందు పెంకులు సర్దువాడు వచ్చి, పగిలినవి తీసి, క్రొత్తవి పెట్టి పోవుచుండెను. ఆ దినమున గూడ మా తల్లిగారు ఆ కప్పు క్రిందనే వంట చేయుచుండిరి. కొన్ని యేండ్లకు మొదటి పెంకులు ఏ కొన్నియో మిగిలినవి. అయినను ఇల్లు మారినదని యెవరును అనలేదు. కంప్యూటరులలోని రోలింగు రిలీజు పద్ధతిని గూర్చి విద్యార్థులు అడిగినప్పుడెల్ల మాకు ఆ యిల్లే జ్ఞప్తికి వచ్చును.

ఆపరేటింగు సిస్టమనగా ఒక్క వస్తువు కాదు. అనేక ప్యాకేజీల కూర్పు. ఓపెన్ సోర్సు వ్యవస్థలలో వీనిని వ్రాయువారు దేశదేశములందు ఉన్నారు. ఎవరి పని వారు ముగించి, ఎవరికి వీలైన దినమున వారు వెలువరింతురు. 1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన డెబియను, తన స్థిరశాఖకై, వీనినన్నిటిని ఒకచోట నిలిపి, పరీక్షించి, ఇంచుమించు రెండేండ్లకొకసారి సంఖ్య వేసి విడుదల చేయును. పండ్రెండవది 2023లోను, పదమూడవది 2025లోను వచ్చినవి. నడుమ లోపములను సవరించుటయే గాని క్రొత్త పోకడలను సాధారణముగా రానీయరు. ఇది ఇల్లు విప్పి మరల కట్టుట వంటిది. 2002లో జడ్ వినెట్ ఆరంభించిన ఆర్చ్ లినక్సునకు అట్టి విడుదల సంఖ్యలు లేవు. క్రొత్త ప్యాకేజీ సిద్ధమై కొంత పరీక్ష దాటగానే భాండారములో చేరును. మనమొక ఆజ్ఞ నిచ్చినచో నాటివరకు మారినవన్నియు దిగివచ్చును. ఇదియే పెంకు వెంట పెంకు మార్చుట.

మా పాఠశాలలోని ఆరు పాత యంత్రములలో ఆర్చ్‌ను మేమే కోరి పెట్టించితిమి. పెట్టిన పూర్వవిద్యార్థి, “వారమునకొకసారి అన్నిటిని కలిపి అప్‌డేటు చేయండి సార్; ఒక్కదానినే విడిగా చేయకండి” అని చెప్పి పోయెను. వేసవి సెలవులు వచ్చినవి. ఆ మాట మరచితిమి. జూనులో బడి తెరచిన పిమ్మట పిల్లలకొక చిత్రలేఖనపు ప్రోగ్రాము కావలసివచ్చెను. సెల్‌ఫోను ఇంటర్నెట్టుతో సర్వము దింపుటకు చాల సేపు పట్టునని తలచి, ప్యాకేజీల జాబితాను మాత్రము క్రొత్తది తెప్పించి, ఆ యొక్క ప్రోగ్రామును ఒక యంత్రములో పెట్టితిమి. అది తన వెంట ఒక ఉమ్మడి లైబ్రరీ యొక్క క్రొత్త ప్రతిని తెచ్చెను. దానిపై ఆధారపడిన పాత ప్రోగ్రాములు పాత సంఖ్య గల లైబ్రరీని వెదకి, కానక, ఆగిపోయినవి. గూనపెంకుల వరుసలో ఒక్క బెంగుళూరు పెంకును దూర్చినట్లయ్యెను. యంత్రమును మరల తెరువగా నల్లని తెర తప్ప మరేమియు లేదు.

ఆ యంత్రములోనే తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తన నాయనమ్మ నోట విన్న సేద్యపు మాటలను, మోట, గొర్రు, గుంటుక, దంతె మొదలగువానిని, అర్థములతో కూర్చుచుండెను. ఆ నాయనమ్మ వేసవిలోనే గతించినది. బాలిక తెరవంక చూచి, “సార్, మా నాయనమ్మ చెప్పిన మాటలన్నీ పోయినట్టేనా?” అని అడిగెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన పాఠములలో దీనికి బదులు లేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మాటలు పోలేదు. వ్యవస్థ యొక్క భాగములు వేరు, మనము వ్రాసికొన్నవి వేరు. అవి వేరు వేరు చోట్ల నుండును. పూర్వవిద్యార్థి ఫోనులో చెప్పిన ప్రకారము పెన్ డ్రైవు నుండి యంత్రమును తెరచి, ముందుగా బాలిక వ్రాతలను నకలు తీసితిమి. తరువాత మేము సగములో విడిచిన అప్‌డేటును సంపూర్ణముగా చేసితిమి. చీకటి పడువేళకు తెర వెలిగెను. తప్పు ఆర్చ్‌ది కాదు, మాది.

అయినను ఈ పద్ధతియే చెడ్డదని మా సహోపాధ్యాయులొకరు తీర్పు చెప్పిరి. మేమంగీకరింపలేదు. డెబియనులో గూడ క్రొత్త ప్యాకేజీ మొదట అస్థిరశాఖలో చేరి, సాధారణముగా రెండు మొదలు పది దినముల వరకు అచ్చట వాడుకలో నిలిచి, ఆ పిమ్మట పరీక్షాశాఖకు పోవును. స్థిరమైనది వీనినుండియే పుట్టును. 2024లో ఎక్స్‌జెడ్ అను చిన్న ప్యాకేజీలో ఎవరో దొంగతలుపు నొకదానిని దాచిరి. అది డెబియను అస్థిర, పరీక్షా శాఖలలోనికిని, నిత్యము మారుచుండు టంబుల్‌వీడ్ అను వ్యవస్థలోనికిని వచ్చెను గాని స్థిరశాఖకు చేరలేదు. అస్థిరశాఖను వాడుచుండిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, దూరపు లాగిన్‌కు అరసెకను ఎక్కువ పట్టుచున్నదని గమనించి, కారణము వెదకి, మార్చి 29న లోకమునకు తెలిపెను. ముందు నడచువాడు ముల్లు త్రొక్కి కేక వేయగా వెనుకవారు తప్పుకొనినట్లయ్యెను. ముందు నడచువారే లేనిచో ఆ ముల్లు ఎవరి కాలికి గ్రుచ్చుకొనెడిది?

తెలుగు వాడువారికి మరియొక చిక్కు గలదు. 2005లో స్వేచ్ఛ అను తెలుగు ఆపరేటింగు సిస్టము వెలువడినది మొదలు మెనూలను తెలుగులో చూచుట కొందరికి అలవాటైనది. ప్రోగ్రాములో ఒక పంక్తి మారిన యెడల, ఎవరైన దానిని మరల తెనిగించువరకు అచ్చట ఇంగ్లీషే కనిపించును. నిత్యము మారు యంత్రములో ఇట్టివి ముందుగా బయటపడును.

కావున ఐదు యంత్రములలో డెబియను స్థిరశాఖను పెట్టితిమి. పరీక్షల దినములలో అవి మాట తప్పవు. ఆరవదానిలో ఆర్చ్‌ను ఉంచి ఆ బాలికకును, మరియొక విద్యార్థికిని అప్పగించితిమి. శనివారము మధ్యాహ్నము వారు మొదట ఆర్చ్ వారి ప్రకటనలను చదివి, వ్రాతలను పెన్ డ్రైవునకు ఎక్కించి, అటుపిమ్మట సర్వము అప్‌డేటు చేయుదురు. క్రొత్తగా ఇంగ్లీషులో కనబడిన పంక్తులను ఒక నోటుపుస్తకములో వ్రాసి, ప్రక్కన తమకు తోచిన తెలుగు వ్రాయుదురు. బాలిక ఇప్పుడు సేద్యపు మాటలకై బంధువుల యిండ్లకు పోవుచున్నది. మొన్నటి శనివారము “నాగటి కర్రు”ను చేర్చి, అర్థము సరిగా నున్నదో లేదో చూడుమని మా చేతికిచ్చెను.