మంచునది ఒప్పగించే ఆనవాళ్ళు

ఫ్రాన్సు దేశంలో మాంట్ బ్లాంక్ పర్వతం పాదాన షామొనీ అనే ఊరుంది. సుమారు 4,800 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరాన్ని చూడటానికే యాత్రికులు వస్తారు. నేను వెళ్ళింది ఆ కొండమీది నుంచి ఊరివైపు దిగివచ్చే బోసాన్ మంచునదిని చూడటానికి. పాత విమానాలు కూలిన చోట్లు వెతికి, వివరాలు వ్రాసిపెట్టే అలవాటున్న నాబోటివాళ్ళకు అదొక పుణ్యక్షేత్రం. రెండు ఎయిర్ ఇండియా విమానాల శకలాలు ఆ మంచులో కలిసిపోయాయి.

మొదటిది 1950 నవంబరు 3న కూలిన ‘మలబార్ ప్రిన్సెస్’. 48 మంది పోయారు. ప్రయాణికుల్లో చాలామంది ఇంగ్లండులో ఓడ ఎక్కడానికి బయలుదేరిన మన నావికులు. వారిని వెదకబోయిన రెనే పయో అనే కొండ గైడు కూడా దారిలో ప్రాణం విడిచాడు. రెండవది 1966 జనవరి 24న కూలిన బోయింగు ‘కాంచనజంగ’. పోయిన 117 మందిలో హోమీ భాభా ఒకరు. శిఖరం దాటేశామనుకుని పైలటు విమానాన్ని దించాడని విచారణలో తేలింది.

రెండూ కూలింది శిఖరం దగ్గర. శకలాలు దొరికేది ఎంతో దిగువన! మంచునది పేరుకు మాత్రమే నది కాదు. పైన కురిసిన మంచు గడ్డకట్టి, తన బరువుకు తానే మెల్లగా జారుతుంది. పొట్టలో దాచుకున్నదాన్ని కింద కరిగేచోట బయటపెడుతుంది. 1820లో పైన మంచులో కూరుకుపోయిన ముగ్గురు గైడుల అవశేషాలు 1861లో ఇక్కడే కింద తేలాయి.

విమానాల సంగతీ అంతే. 2012లో భారత ప్రభుత్వపు దౌత్య సంచీ ఒకటి దొరికింది. 2013లో ఒక పర్వతారోహకుడికి రత్నాల పెట్టె కనిపిస్తే తిన్నగా పోలీసులకు అప్పగించాడు. 2021లో సగం అతనికి, సగం ఊరికి పంచారు. ఏళ్ళతరబడి ఇక్కడ గాలిస్తున్న డేనియల్ రోషేకు 2017లో మానవ అవశేషాలు కనిపించాయి. 2020లో దొరికిన తడి పత్రికల్లో ఇందిరాగాంధీ ప్రధాని అయిన వార్త చెక్కుచెదరలేదు.

గైడు వెంట నేను ఎక్కిన ఉదయం, రాళ్ళ మధ్య అరచేయంత అల్యూమినియం రేకు కనబడింది. రెండు విమానాల్లో దేనిదో? ప్రొపెల్లరు భాగమైతే మొదటిదానిది, జెట్ ఇంజను రెక్క అయితే రెండవదానిది. ఉత్త రేకు అయితే దానిమీది అంకెలే ఆధారం. ముట్టుకోకముందే ఫొటో తీశాను. చోటు, తేదీ వ్రాసుకున్నాను. రేకును అక్కడే వదిలాను. తాళపత్రాలు పరిష్కరించేవారికి తెలుసు, ఎక్కడ దొరికిందో తెలియని ప్రతికి విలువ సగమే.

మంచునది ఏటేటా కుంచించుకుపోతున్నది. బయటపడ్డ కాగితం నాలుగు వానలకు ఆగదు. భాభా పేరు సంస్థలకున్నది, పుస్తకాల్లో ఉన్నది. ఆ నావికులను తలచుకునేవారెవరు? వారి విషయంలో ఒక గుండీ, ఒక ఉత్తరం ముక్క కూడా సాక్ష్యమే.

మీలో ఎవరైనా షామొనీ వెళితే గైడు లేకుండా మంచుమీద అడుగు పెట్టకండి. ఉత్తరమో, ఎముకో కనిపిస్తే పోలీసులకు చెప్పండి. జ్ఞాపకానికని ఏదీ జేబులో వేసుకోకండి. అది ఎవరి ఇంటి జ్ఞాపకమో!