ఈ వయసులో క్యాన్సరేంటమ్మా

అన్నం తిన్న గంటకల్లా బొడ్డు చుట్టూ మెలిపెట్టేది. ఆ వెంటనే విరేచనాలు. మీటింగులో కూర్చుని ఉండగానే ముఖం, మెడ ఎర్రగా కందిపోయి సెగలు పుట్టేవి. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు, మాదాపూర్‌లో ఉద్యోగం. చూపించుకున్న ప్రతిచోటా గ్యాస్ అన్నారు, టెన్షన్ అన్నారు, ఐబీఎస్ అన్నారు. భయపడుతూనే అడిగితే ఒక డాక్టరుగారు నవ్వేసి, "ఈ వయసులో క్యాన్సరేంటమ్మా, బయటి తిండి మానెయ్" అన్నారు. పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకోవడం అలవాటైపోయింది.

ఒక రాత్రి పేగు మూసుకుపోయి, ఆకుపచ్చ వాంతులతో ఎమర్జెన్సీలో చేరాను. ఆపరేషన్‌లో తీసిన ముక్క బయాప్సీకి వెళ్లింది. చిన్నపేగు చివర న్యూరోఎండోక్రైన్ ట్యూమర్. అప్పటికే కాలేయంలో మచ్చలు.

ఆంకాలజిస్టు విడమరిచి చెప్పారు. పేగుల్లో హార్మోన్లు తయారుచేసే కణాలుంటాయి. అక్కడ పుట్టిన గడ్డ సెరటోనిన్ లాంటివి వదులుతున్నా, కాలేయం వాటిని విరిచేస్తుంది. గడ్డ కాలేయానికే పాకితే అవి నేరుగా రక్తంలో కలుస్తాయి. నా ముఖం కందిపోయింది టెన్షన్ వల్ల కాదు. క్రోమోగ్రానిన్ అనే రక్తపరీక్షకు ముందు గ్యాస్ మాత్రలు ఆపించారు. పాంటాప్రజోల్ లాంటి ఆ మాత్రలు వాడుతుంటే గడ్డ లేకపోయినా ఆ అంకె పెరుగుతుందట.

నాన్న ఒక్కటే అడిగారు: "ఇర్ఫాన్ ఖాన్‌కొచ్చింది ఇదే కదమ్మా?" ఆ నటుడు 2018లో జబ్బు పేరు బయటపెట్టారు, 2020లో పోయారు. నాది నెమ్మదిగా పెరిగే రకమని, గ్రేడ్ 1 అని డాక్టరుగారి చేత నాన్నకు మళ్లీ మళ్లీ చెప్పించాను.

ఇప్పుడు 28 రోజులకోసారి లాన్‌రియోటైడ్ ఇంజెక్షన్. ఫ్రిజ్‌లోంచి అరగంట ముందే తీసిపెట్టాలి. సూది లావు, మందు చిక్కన. పిరుదులోకి మెల్లగా ఎక్కిస్తారు. ఆ పూట సరిగా కూర్చోలేను. విరేచనాలు మాత్రం తగ్గాయి, అన్నం భయం లేకుండా తింటున్నాను.

చిన్నవయసులో వచ్చే జీర్ణకోశ క్యాన్సర్లపై పరిశోధన చేస్తున్నాం, మీ బయాప్సీ బ్లాక్ వాడుకోవచ్చా అని ఆసుపత్రివాళ్లు అడిగారు. సంతకం పెట్టాను. అమెరికాలో పెద్దపేగు స్క్రీనింగ్ వయసును 2021లో 50 నుంచి 45కి దించారు. నాలాంటి ముప్పైలోపు వాళ్లకు అదీ అందదు, చిన్నపేగులో చాలా భాగానికి ఆ పరీక్షలో వాడే గొట్టమూ చేరదు. మా మాట డాక్టరు నమ్మడం తప్ప మాకు వేరే దారి లేదు. అందుకే పరిశోధన ఫారం చూడగానే అడిగాను: జబ్బు తేలిన తేదీకి గడి ఉంది, మొదటిసారి నొప్పి చెప్పుకున్న తేదీకి లేదేం? పాత చీటీలన్నీ నాన్న దాచారు. వాటి జిరాక్సులు ఫారానికి జతచేసి, ఆ తేదీలు కూడా లెక్కలోకి తీసుకోమని రాసిచ్చాను.