గీత ఉన్న కళ్ళజోడుకీ గ్లామరుంది!

మన సినిమాల్లో కళ్ళజోళ్ళు రెండే జాతులు. నల్లద్దాలైతే హీరోగారివి. తెల్లద్దాలైతే హీరోగారి నాన్నవి. ఆ తెల్లద్దాలకి అడ్డంగా ఓ గీత కూడా ఉందనుకోండి... ఇక తాతగారివే, సందేహం లేదు!

ఈ గీతంటే చిన్నతనమనుకునే, మా గుంటూరులో నలభై దాటిన మెకానిక్కులు చాలామంది కళ్ళు చికిలించుకుని పని లాగిస్తుంటారు. నేనూ మెకానిక్కునే (చికిలించే బాపతు కాదు లెండి). జిన్నింగు మిల్లుల రోలర్లూ షాఫ్టులూ మా లేతు మీదికొస్తాయి. పత్తి సీజనులో రాత్రీ పగలూ ఒకటే. వెర్నియరు మీద అంకె కనబడాలంటే దగ్గరచూపు కావాలి. అవతల బెల్టు జారుతోందేమో చూడాలంటే దూరపుచూపు. చత్వారపు అద్దాలు పెట్టడం, తియ్యడం... ఆ తీసిన క్షణంలోనే ఇనపరజను ఎగిరొచ్చి కంట్లో పడుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్లోనే కళ్ళకి రక్షణ కల్పించాలని రాశారు. మా రేకుల షెడ్డు ఫ్యాక్టరీ లెక్కలోకి రాదనుకోండి. రజనుకి ఆ తేడా తెలీదుగా!

రెండుచూపుల అద్దం కొత్త సరుకేం కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1785లోనే తన జోడు గురించి స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఇప్పుడదే పాలీకార్బొనేట్‌లో దొరుకుతోంది. గాజులా పెంకులు కాదు. కానీ మామూలు ఫ్రేములో గట్టి అద్దం బిగిస్తే సరిపోదు. దెబ్బ తగిలితే అద్దం ఊడి కంటిమీదికే వస్తుంది. అందుకని అద్దం మీదా ఫ్రేము మీదా రెండుచోట్లా జడ్87ప్లస్ అన్న గుర్తు ఉందా లేదా చూస్తాను. పక్కల రెక్కలుండాలి. లుంగీ అంచుతో తుడిస్తే వారంలో గీతలే, నీళ్ళతో కడగాల్సిందే. మిర్చియార్డులో బస్తాలెత్తేవాళ్ళకీ, తొడిమలు తీసే ఆడవాళ్ళకీ మాత్రం ఈ జోడు పనికిరాదు. ఆ ఘాటు పొడి సందుల్లోంచి దూరుతుంది. వాళ్ళకి మొహానికి అతుక్కునే గాగుల్సే కావాలి.

ఇక తుపాకీ సంగతి. బుర్రిపాలెం బుల్లోడు కృష్ణగారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ 1971లో వచ్చింది. నేను చూసింది ఎన్నో ఏళ్ళ తర్వాత, పాత ప్రింటులో. అప్పుడు పట్టిన మోజు ఆదివారం ఎయిర్ పిస్టల్ దాకా లాక్కొచ్చింది. కౌబాయ్‌లా నడుం దగ్గర్నించి పేల్చడం ఇక్కడ కుదరదండోయ్! పది మీటర్ల అవతల పది పాయింట్ల వలయం అడ్డం 11.5 మిల్లీమీటర్లే. తమాషా ఏమిటంటే చూపు నిలపాల్సింది దానిమీద కాదు, పిస్టల్ చివరి సైటు మీద. టార్గెట్టు మసగ్గా ఉన్నా ఫర్వాలేదు. చత్వారం వచ్చాక మసకబారేది ఆ సైటే! మామూలు బైఫోకల్లో దగ్గరచూపు ముక్క కిందుంటుంది. దాంట్లోంచి చూద్దామంటే మెడ వెనక్కి విరవాలి. పైగా ఆ ముక్క పేపరు చదివే దూరానిది, సైటు ఉండేది చాచిన చేతికి అవతల. అందుకే నా కంటినుంచి సైటు దాకా టేపుతో కొలిపించి, ఆ అంకె చీటీమీద రాయించుకుని కళ్ళద్దాల షాపుకెళ్ళాను. ముక్కని కుడి అద్దం పైభాగంలో పెట్టించాను. లేతుకో జోడు, పిస్టల్‌కో జోడు. రెండింటికీ ఒకటే చాలన్నాడు షాపతను. నేనొప్పుకోలేదు.

2024లో పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ ఆయన యూసుఫ్ డికెచ్‌ని చూశారుగా? 51 ఏళ్ళు. అందరూ యంత్రాల్లాంటి కళ్ళజోళ్ళతో నిలబడితే, ఈయన మామూలు జోడు పెట్టుకుని, జేబులో చెయ్యి వేసుకుని, మిక్స్‌డ్ టీమ్‌లో వెండిపతకం కొట్టుకుపోయాడు. ఆ స్టయిలు ముందు మన నల్లద్దాలు బలాదూర్!

స్టయిలు వద్దనను. నచ్చని జోడు సొరుగులోనే ఉంటుంది. నా ఫ్రేము మా అమ్మాయి ఏరింది, తేనెరంగుది. గీత ఎత్తు మాత్రం నేనే చూసుకున్నా. షాపులో కుర్చీలోంచి లేచి, లేతు ముందు ఎలా వంగుతానో అలాగే వంగి నిలబడ్డాను. “అదేంటి సార్!” అంటూనే కుర్రాడు అద్దంమీద పెన్నుతో గుర్తు పెట్టాడు.