ఊలు ఉండ

ఋతువు మారిందని చెప్పే గుర్తు ప్రతి ఊరికీ ఒకటి ఉంటుంది. కొన్ని ఊళ్ళలో మామిడిపూత ఆ మాట చెబుతుంది. కొన్ని ఊళ్ళలో కాలువకు నీళ్ళు వదలడం ఆ మాట చెబుతుంది. మా భైంసాలో చలికాలం రాకను రెండు గుర్తులు తెలిపేవి. దసరా వెళ్ళిన తరువాత మార్కెట్ యార్డు ముందు వరుస కట్టే పత్తి బండ్లు అందరికీ కనిపించే గుర్తు. దానికంటే ముందే, బతుకమ్మ పండుగకు కొద్ది రోజులుందనగా, బజారులోని ఒక చిన్న దుకాణంలో కొత్త ఊలు మూటలు విప్పేవారు. అది మా వీధి స్త్రీలకు మాత్రమే తెలిసిన గుర్తు. పత్తి ఊరికంతటికీ బతుకుతెరువు. ఊలు మా అమ్మ వంటివారికి పండుగ.

ఆదిలాబాదు జిల్లాలో ఉంటూ 2016లో నిర్మల్ జిల్లాలో చేరిన భైంసా, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరి పట్టణం. సుద్దవాగు చెంత, నల్లరేగడి నేలల నడుమ వెలసిన ఊరు ఇది. పత్తి వ్యాపారమూ జిన్నింగు మిల్లులూ దీనికి పేరు తెచ్చాయి. ఇక్కడి బజారులో తెలుగు, మరాఠీ, ఉర్దూ ఒకే బేరంలో కలిసిపోతాయి. మా నేల మీద పండిన పత్తి గింజ వేరై, బేళ్ళుగా బిగిసి, దూరప్రాంతాల నూలు మిల్లులకు తరలిపోతుంది. అక్కడెక్కడో పంజాబులోని లూధియానాలో తయారైన రంగురంగుల ఊలు లారీ పార్సిళ్ళలో మా ఊరికి వస్తుంది. తెల్లని పత్తి వెళ్ళే ఊరికి రంగుల ఊలు రావడం చిన్నప్పుడు నాకొక వింతగా తోచేది.

ఉత్తర తెలంగాణ చలి సామాన్యమైనది కాదు. డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీలకంటె తక్కువకు పడిపోవడం ఇక్కడివారికి అలవాటే. ఆ చలిని మన పూర్వులు గొంగడితో ఎదుర్కొన్నారు. కురుమలు తమ గొర్రెల ఉన్నిని కత్తిరించి, ఏకి, వడికి, మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి గొంగడిని సిద్ధం చేస్తారు. అది వానలో గొడుగు, పొలంలో పరుపు, రాత్రివేళ దుప్పటి. అయితే గొంగడి నేసేది, స్వెటరు అల్లేది. నేతకు పడుగూ పేకా కావాలి, మగ్గం కావాలి. అల్లికకు ఒక దారమూ రెండు సూదులూ చాలు. ఒక ఉచ్చులోనుండి మరొక ఉచ్చును లాగుతూ పోవడమే అందులోని కిటుకు. ఆ ఉచ్చుల వల్లనే అల్లిన బట్ట ఒంటికి తగినట్లు సాగుతుంది. ఆ ఉచ్చుల నడుమ నిలిచిన గాలియే ఒంటి వేడిని బయటికి పోనీయదు. ఈజిప్టులో దొరికిన, దాదాపు వెయ్యేళ్ళనాటి అల్లిక మేజోళ్ళలో చాలావరకు పత్తినూలుతో చేసినవేనని తరువాత చదివినప్పుడు, పత్తి ఊరి దానిగా నాకెంతో సంతోషం కలిగింది.

ఆ దుకాణం యజమాని మరాఠీ మాట్లాడే పెద్దమనిషి. ఊరందరికీ ఆయన 'కాకా'. మూటలు విప్పిన రోజు దుకాణమంతా కలరా ఉండల వాసన కమ్ముకునేది. అరల నిండా యాభై గ్రాముల ఊలు ఉండలు ఇంద్రధనుస్సులా పేర్చి ఉండేవి. రంగుల ముక్కలు అతికించిన అట్టను ముందుపెట్టి, హిందీలో అచ్చయిన అల్లికల పుస్తకాన్ని తెరిచి, కాకా ఆ యేటి కొత్త నమూనాలు చూపేవాడు. పుస్తకంలోని అక్షరాలు చదవలేని స్త్రీలు కూడా బొమ్మ చూచి కుట్లు లెక్కపెట్టగలిగేవారు. మా ప్రాంతపు అల్లిక భాషలో ఉన్నవి రెండే కుట్లు: సీదా, ఉల్టా. ఒకటి సీదా, ఒకటి ఉల్టా వేస్తూ పోతే సాగే అంచుపట్టీ వస్తుంది. వరుస వరుసకూ వాటిని తారుమారు చేస్తే సగ్గుబియ్యం పరచినట్లు 'సాబుదానా' వస్తుంది. నాలుగు కుట్లను మూడో సూదిపై ఎక్కించి దాటిస్తే జడ వస్తుంది. పుస్తకంలోని వంద నమూనాలూ ఆ రెండు కుట్ల కలయికలే.

అమ్మకు జడ నమూనా నేర్పినది మా వెనుక గల్లీలో ఉండే ఒక ముస్లిం గృహిణి. అమ్మ ఆమెను 'ఆపా' అనేది. నేను 'ఖాలా' అనేదాన్ని. మధ్యాహ్నం పనులు ముగిశాక ఇద్దరూ మా అరుగు మీద కూర్చునేవారు. ఆమె ఉర్దూలో లెక్కపెట్టేది, అమ్మ తెలుగులో లెక్కపెట్టేది. చివరికి లెక్క సరిపోయేది. తప్పు పడితే ఖాలా సంకోచం లేకుండా నాలుగు వరుసలు లాగివేసేది. అంత కష్టమూ వృథా అయినదని నేను బాధపడితే, "ఊలు ఎటు పోలేదు బిడ్డా, నీ చేతిలోనే ఉన్నది" అని నవ్వేది. మా ఇళ్ళలో కొత్త ఊలు వచ్చినదంటే కొత్త స్వెటరు అని అర్థం కాదు. పిల్లలు ఎదిగిన కొద్దీ పాత స్వెటరును విప్పి, ఊలును చిలపలుగా చుట్టి, ఉతికి, ముడతలు పోయేటట్లు బరువు కట్టి ఆరవేసేవారు. దానికి తోడుగా కొత్తవి రెండు ఉండలు కొని, మరికాస్త పెద్ద స్వెటరు అల్లేవారు.

ఊలు కొనేటప్పుడు కాకా ఒక హెచ్చరిక చేసేవాడు. ప్రతి ఉండకూ చుట్టిన కాగితంపై రంగు సంఖ్యతోపాటు లాటు సంఖ్య కూడా ఉంటుంది. ఒకే రంగు అయినా, ఒక బానలో అద్దిన ఊలు వేరు, మరొక బానలో అద్దినది వేరు. విడివిడిగా చూస్తే ఆ తేడా కంటికి అందదు. పక్కపక్కన అల్లితే మాత్రం పగటి వెలుగులో గీత గీసినట్లు కనబడుతుంది. అందువల్ల స్వెటరుకు కావలసిన ఊలంతా ఒకేసారి, ఒకే లాటులో తీసుకొమ్మని ఆయన చెప్పేవాడు. చేతిలో డబ్బు చాలని ఇళ్ళలో ఆ మాట పాటించడం అన్నివేళలా సాధ్యమయ్యేది కాదు.

2008లో నేను ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. నాన్న మార్కెట్ యార్డులో దడువాయి. పత్తి తూకం వేయడం ఆయన పని. పత్తి ధరను తేమ నిర్ణయిస్తుంది. తేమ ఎక్కువైతే రైతుకు ధర తగ్గుతుంది. తమ వంతు ముందుగా రావాలని రైతులు రాత్రికే బండ్లు తెచ్చి యార్డులో పడిగాపులు కాసేవారు. నాన్న తెల్లవారకముందే, మంచులో, పలుచని చొక్కాతో వెళ్ళేవాడు. ఆ యేడు ఆయనకు ముదురాకుపచ్చ స్వెటరు అల్లాలని అమ్మ సంకల్పించింది. పది ఉండలు అవసరం. చేతిలోని డబ్బుకు ఎనిమిదే వచ్చాయి. సీజను మొదలై నాన్న కూలి చేతికందాక తక్కిన రెండూ తీసుకోవచ్చునని అనుకుంది. ఖాలా కూడా తన పెద్దకొడుకు కోసం అదే రంగు, అదే లాటు తీసుకుంది.

ఆ అక్టోబరులో, దసరా ముగిసిన వెంటనే, భైంసాలో మతకలహాలు చెలరేగాయి. ప్రాణాలు పోయాయి. కర్ఫ్యూ విధించారు. బజారు మూతపడింది, యార్డు మూతపడింది. మూసిన తలుపుల వెనుక అమ్మకు అల్లిక తప్ప మరొక పని తోచలేదు. వెన్నుభాగం, ముందుభాగం పూర్తయ్యాయి. చేతులు మోచేతుల దాకా వచ్చాయి. అక్కడ ఊలు అయిపోయింది.

కర్ఫ్యూ సడలిన తరువాత కూడా ఊరు మునుపటివలె లేదు. పలకరింపులు తగ్గాయి. మధ్యాహ్నం వేళ మా అరుగు ఖాళీగా ఉండేది. ఆపాను చూడాలని అమ్మకు ఉండేది, వెనుక గల్లీకి అడుగు పడేది కాదు. బహుశా అక్కడ ఆమె పరిస్థితీ అదే. ఒకనాడు కళాశాల నుండి వస్తూ ఉంటే ఖాలా ఎదురుపడింది. ఆమె ఆగింది. నేను తల దించుకొని, చూడనట్లు దాటిపోయాను. ఎవరైనా చూస్తారన్న భయమో, ఏమి మాట్లాడాలో తెలియని బెరుకో నాకే తెలియదు. ఆమె నాకు ఏ అపకారమూ చేయలేదు. నేను తప్పు చేశానని ఇల్లు చేరకముందే నాకు తెలిసిపోయింది. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు.

దుకాణం తెరచిన తరువాత అమ్మ కాకా దగ్గరకు వెళ్ళింది. పాత లాటు అమ్ముడుపోయింది. కొత్త మూటలో అదే సంఖ్య గల ఆకుపచ్చ ఉంది. దానిని అల్లికకు ఆనించి వాకిట్లోకి తెచ్చి చూస్తే తేడా స్పష్టంగా కనబడింది. అమ్మ అయినా రెండు ఉండలు కొన్నది. ఇంటికి తెచ్చి, వాటిని గూటిలో పెట్టి, అసంపూర్ణమైన స్వెటరును మడిచివేసింది. నాన్న మళ్ళీ పలుచని చొక్కాతోనే యార్డుకు వెళ్ళసాగాడు.

నాలుగు రోజుల తరువాత ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. ఖాలా నిలబడి ఉంది. కాకా చెబితే తెలిసిందట. కొంగు చాటునుండి రెండు ఆకుపచ్చ ఉండలు తీసింది. కాగితాల మీద పాత లాటు సంఖ్య ఉంది.

"చెల్లె, ఇవి నీకే" అంది.

"మరి మీ అబ్బాయి స్వెటరుకు ఎట్లా ఆపా?" అని అడిగింది అమ్మ.

ఖాలా జవాబు చెప్పకుండా అరుగు మీద కూర్చుంది. అమ్మ కొన్న కొత్త ఉండలను తెప్పించి, తన ఉండల పక్కన పెట్టి, వెలుగులో పరిశీలించింది. పాతది అయిపోయిన చోట కొత్తది మొదలుపెడితే గీత పడుతుంది. రెండు వరుసలు పాతది, రెండు వరుసలు కొత్తది వేస్తూ పోతే ఎక్కడ మారిందో కన్ను పట్టుకోలేదు. అయితే అందుకు పాత ఊలు కొంత మిగిలి ఉండాలి. అమ్మ దగ్గర అది లేదు. ఖాలా దగ్గర ఉంది. ఆమె తెచ్చిన రెండు ఉండలూ, అమ్మ కొన్న రెండు ఉండలూ చెరిసగం చేసుకుంటే ఇద్దరి స్వెటర్లూ పూర్తవుతాయి.

ఆ సాయంత్రం దాకా వారిద్దరూ అరుగు మీదనే అల్లారు. జరిగిన వాటిని గురించి ఎక్కువ మాట్లాడలేదు. ఒకరు ఉర్దూలో, ఒకరు తెలుగులో కుట్లు లెక్కపెట్టుకున్నారు. వీధిలో వెళ్ళేవారు చూశారు. కొందరు ఆగి చూశారు. ఇద్దరూ లేవలేదు. నేను టీ తెచ్చి ఇచ్చినప్పుడు చేయి వణికింది. ఖాలా గ్లాసు అందుకొని, "ఆ రోజు ఎండ బాగ ఉండె, నువ్వు నన్ను చూడలే" అంది. నేను వేసిన తప్పు కుట్టును ఆమె అంత తేలికగా విప్పివేసింది. నా కళ్ళు చెమర్చాయి. లోపలికి వెళ్ళిపోయాను.

ఆ చలికాలమంతా నాన్న ఆ స్వెటరు వేసుకొనే యార్డుకు వెళ్ళాడు. వెనుక గల్లీలో ఖాలా కొడుకు ఒంటిమీద అవే రంగు చేతులు కనిపించేవి.

కాలం మారింది. చేతి అల్లిక తగ్గింది. 1959 తరువాత మన దేశానికి శరణార్థులై వచ్చిన టిబెటన్లు లూధియానా వర్తకుల వద్ద అరువుకు సరుకు తెచ్చి, చలికాలంలో మన పట్టణాల దారుల పక్కన స్వెటర్లు అమ్మడం ఏనాటినుండో చూస్తున్నదే. యంత్రాలపై అల్లిన స్వెటరు చౌకగా దొరుకుతుంది. దుకాణాలలో దొరికే ఊలు ఉండల్లోనూ గొర్రె ఉన్నికి బదులుగా ఆక్రిలిక్ దారమే అధికం. కిందటి యేడు బతుకమ్మకు భైంసా వెళ్ళినప్పుడు, కాకా దుకాణాన్ని ఆయన కుమారుడు నడుపుతున్నాడు. సగం అరలలో గాజులూ బొత్తాలూ చేరాయి. మిగిలిన సగంలో మాత్రం కొత్త ఊలు వచ్చి ఉంది. కళాశాల విద్యార్థినులు ముగ్గురు సెల్‌ఫోనులో నమూనా చూస్తూ కుట్లు లెక్కపెడుతున్నారు. ఆ లెక్క ఒక భాషలో మొదలై మరొక భాషలో ముగియడం విని నేను అక్కడే నిలబడిపోయాను.

నా కుమార్తె కోసం ఊలు తీసుకున్నాను. ఆరు ఉండలు సరిపోతాయి. లాటు సంఖ్యలు చూసుకొని ఏడు ఇమ్మన్నాను. "ఆరు చాలు కదా" అన్నాడు దుకాణదారు. ఆ చలికాలం తరువాత మా అమ్మ ఎప్పుడూ ఒక ఉండ ఎక్కువ కొనేది. కారణం అడిగితే, "మనకు అక్కరకు రాకపోతే, అదే రంగు మరెవరికైనా తక్కువ పడవచ్చు" అనేది.

ఏడవ ఉండ నా బీరువాలో ఉంది. కాగితం విప్పలేదు.